గద్ద లేని తండా

ముప్పై మూడేళ్ల సర్వీసులో ఒక్కరోజు కూడా సెలవు పెట్టకుండా నేను చేసిన పని ఒకటుంది. పక్క కుర్చీలో కూర్చున్న మనిషిని చూసి కుళ్లుకోవడం. బర్రెలకు సూదులు వేశాను, గొర్రెలకు నట్టల మందు తాగించాను, కష్టమైన కాన్పులు చేశాను. ఆ పనులన్నింటికీ మధ్యలో పండుగలో, జ్వరాలో, పెళ్లిళ్లో అడ్డం వచ్చేవి. దీనికి మాత్రం ఏదీ అడ్డం రాలేదు. రిటైరైన రోజు నాకు శాలువా కప్పి, నా ఓపిక గురించి నలుగురు నాలుగు మంచి మాటలు చెప్పారు. ఓపిక సంగతి నిజమే, అంతకాలం ఒకే మనిషి మీద అసూయ నిలుపుకోవాలంటే అది ఉండి తీరాలి.

ఇప్పుడు మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, అనుభవాలు చెప్పమంటారు. వాళ్లకు నేను నెగ్గిన సంగతులే చెబుతూ వచ్చాను. గాలికుంటు వచ్చిన ఏడు ఎన్ని ఊళ్లు తిరిగానో, అడ్డం తిరిగిన దూడను ఎట్లా బయటికి తీశానో. ఈ ఒక్కటి ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా కూర్చుని చెప్పడానికి మొహం చెల్లదు కాబట్టి రాసి ఇస్తున్నాను.

నేను శంషాబాద్ పక్క పల్లెలో పుట్టి పెరిగినవాణ్ణి. మా నాయన జొన్న పండించిన చెల్కలో ఇప్పుడు గోదాము ఉంది. పశువుల దవాఖానలో సహాయకుడిగా చేరి, ఇంటి దగ్గరి ఉద్యోగమని మురుస్తూ ఉన్న రోజుల్లో పక్క కుర్చీలోకి ఆయన వచ్చాడు. నాకంటే రెండేళ్లు జూనియరు. కృష్ణానది అవతలి జిల్లా మనిషి. "అండీ" లేకుండా బర్రెతో కూడా మాట్లాడడు. "కాస్త ఇటు జరగండీ" అని దాని వీపు మీద చెయ్యి వేస్తే, పొద్దున నన్ను తన్నిన బర్రె ఆయన కోసం జరిగేది. ఇది నేను కళ్లారా చూశాను, ఒకసారి కాదు.

వచ్చిన ఆరు నెలలకు లంబాడీ మాట నేర్చాడు. నేను తండాల నడుమ పుట్టి ఇన్నేళ్లు వచ్చినా "రామ్ రామ్" దాటి నాకు ఇంకో మాట రాదు. మధ్యాహ్నం డబ్బా తెరిస్తే సగం నా వైపు జరిపేవాడు. వాళ్లావిడ చేసే గోంగూర పచ్చడి బాగుండేది. అది అంత బాగుండడం కూడా నాకు నచ్చేది కాదు. మా ఇంటిది ఆయనను రెండుసార్లో మూడుసార్లో చూసి ఉంటుంది, అయినా ఏదైనా మాట వస్తే, ఆయనను చూసి జర నేర్చుకోరాదా అనేది. ఆయన నాకు ఏ అన్యాయమూ చేయలేదు. చేసి ఉంటే బాగుండు, నా కడుపుమంటకు ఒక కారణమైనా ఉండేది.

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలై కొన్నేళ్లయిన తర్వాత మా మండలాలకు పెరటి కోళ్ల పథకం వచ్చింది. గిరిజన కుటుంబాలకు మాత్రమే. చూడడానికి నాటుకోడిలా రంగురంగులుగా ఉండి, దానికంటే ఎక్కువ గుడ్లు పెట్టే జాతి. నాలుగు వారాలు పెంచిన కోడిపిల్లలను ఇంటికి ఇన్నని పంచుతారు. పెరట్లో తిప్పి పెంచుకుంటే గుడ్లు పిల్లల కంచాల్లోకి, పుంజులు హైవే మీది హోటళ్లకు. ముందు రెండు తండాల్లో చేసి చూద్దామన్నారు. విమానాశ్రయం ప్రహరీగోడ వెనక ఉన్న తండా ఆయనకు ఇచ్చారు. కొత్తూరు దాటి, ఫ్యాక్టరీలు దాటి, గుట్ట కింద ఉన్న తండా నాకు ఇచ్చారు.

దీనికి ఇంకో ముడి పెట్టారు. మూడు నెలల తర్వాత ఏ తండాలో ఎక్కువ కోళ్లు బతికి ఉంటే ఆ తండాకు ఒక షెడ్డు మంజూరు చేస్తారు. అందులో ఒక్కరోజు వయసు కోడిపిల్లలను తెచ్చి, బల్బుల వేడిలో నాలుగు వారాలు పెంచి, మిగతా తండాలకు అక్కడి నుంచే పంచుతారు. షెడ్డు నడిపే మనిషికి ఏడాది పొడుగునా పని, ఇంటి ముందే సంపాదన. ఈ మాట వినగానే నా తండాలో ఒకామె చెవులు నిక్కబొడుచుకుంది.

ఆమెకు నలభై అయిదేళ్లుంటాయి. శంషాబాద్‌లో ఒక హోటల్లో ఊడ్చి తుడిచే పని. పొద్దున ఆరింటికి షేర్ ఆటో ఎక్కితే చీకటి పడ్డాక దిగేది. ఆ ఏడాది కాంట్రాక్టరు వయసులో ఉన్న ఆడపిల్లలనే పెట్టుకుంటానని, ముసలోళ్లకు కొత్త యూనిఫాం ఇయ్యనని అన్నాడట. నలభై అయిదు ముసలితనమని ఆమెకు అప్పుడే తెలిసింది. షెడ్డు సంగతి చెప్పిన రోజు సాయంత్రం ఆమె నన్ను ఆపి, ఆ షెడ్డు తన పేరున రావాలంటే ఏం చేయాలని అడిగింది. కోళ్లు బతకాలి, అంతే అన్నాను. మర్నాడు హోటల్‌కు తన బదులు తోటికోడలిని పంపి తాను ఇంటి దగ్గర ఉండిపోయింది. పగలు ఆ తండాలో ఎవరూ ఉండరు, అందరూ కూలికి పోతారు. అందుకని పన్నెండు ఇళ్లవాళ్లు తమ కోడిపిల్లలను ఆమె పెరట్లోనే వదిలారు. పిల్లలు బతికితే ఆమెకు బతుకుదెరువు, చస్తే పన్నెండిళ్ల ముందు తలదించుకోవాలి.

ఆమె ఏం చేసిందంటే, పెరటి చుట్టూ కంపతో దడి కట్టింది. వాళ్ల అత్త పాత పేటియాను పెట్టెలోంచి తీసింది. పేటియా అంటే లంబాడీ ఆడవాళ్లు కట్టే అద్దాల లంగా. దాన్ని కుట్లు విప్పి, పట్టీలు పట్టీలుగా చీల్చి, పెరటి మీద నాలుగు తాళ్లకు వేలాడదీసింది. గాలికి పట్టీలు ఊగితే వందల అద్దాలు తళుక్కుమనేవి. గుట్ట మీది గద్దలు అంత ఎత్తున తిరిగి తిరిగి, ఆ మెరుపుకు కిందికి దిగేవి కావు. వాళ్ల అమ్మమ్మల కాలంలో అడవిలో ఉన్నప్పుడు కూడా ఇట్లాగే చేసేవారట. మబ్బు పట్టిన రోజు అద్దాలు మెరవవు కాబట్టి ఆ రోజు పిల్లలను గంపల కింద నుంచి బయటికి వదిలేది కాదు. మొదటి వారంలో నా తండాలో ఒక్క పిల్ల కూడా గద్ద నోట పడలేదు.

నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఇన్నాళ్లకు ఆయన మీద గెలుస్తానని ఆశ పుట్టింది. దవాఖానలో ఈల వేసుకుంటూ తిరిగాను. అటెండరు చూసి, ఏంది సారు, లాటరీ తగిలిందా అన్నాడు.

రెండో వారం మొదట్లో తండాకు పోతే ఆమె నవ్వుకుంటూ ఎదురొచ్చింది. ఆ సారు వచ్చిపోయాడట, ఎక్కడో బర్రెకు కాన్పు చేసి పోతూ ఆగాడట. వాళ్ల మాటల్లోనే మాట్లాడాడట, జొన్నరొట్టె తిన్నాడట. పేటియా చుట్టూ తిరిగి చూసి ఎంత మంచి ఉపాయమని మెచ్చుకున్నాడట. నాకు ఒళ్లంతా మండిపోయింది. ఆ పేటియాను నేను వారం రోజులుగా చూస్తున్నాను, ఒక్క మంచిమాట అనాలని నాకు తోచలేదు. దవాఖానకు వచ్చి, నీ తండా నువ్వు చూసుకో, నా తండాలో కాలు పెట్టకు అని ఆయన మొహాన అన్నాను. ఆయన కొంచెం నొచ్చుకుని, సరేనండీ అని ఊరుకున్నాడు. మధ్యాహ్నం మామూలుగానే డబ్బాలో సగం నా వైపు జరిపాడు.

ఆయన నా తండా చూశాడు కాబట్టి నేను ఆయన తండా చూడాలి. మర్నాడే పోయాను. అక్కడ చూసింది ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. దడి లేదు, గంపలు లేవు, పైన దారం పోగు లేదు. ప్రహరీగోడ పక్కన ఖాళీ జాగాలో పిల్లలన్నీ ఇష్టారాజ్యంగా తిరుగుతున్నాయి. చెదలు ఏరుకుని, పురుగులు ఏరుకుని ఒక్కొక్కటి నా వాటికంటే అరచెయ్యంత పెద్దగా ఉంది. లెక్క పెట్టించాను. పోయినవి రెండే, అవి కూడా మొదటి రోజు నలిగిపోయినవి. గద్ద ఎత్తుకుపోయింది ఒక్కటీ లేదు.

అప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఏమిటో మీరు ఊహించగలరు. ఆయన పిల్లలు బయట తిరిగి బలుస్తున్నాయి, నావి లంగా కింద ఉండి బక్కచిక్కుతున్నాయి. ఆఖరికి బతికినవి సమానమైనా, చూసే అధికారికి ఏవి నచ్చుతాయి? పైగా ఆ పేటియాను ఆయన మెచ్చుకున్నాడు. తాను వాడకుండా నన్ను వాడనిస్తున్నాడంటే నన్ను వెనకబెట్టడానికే అయి ఉండాలి. ఆ మనిషికి అట్లాంటి బుద్ధి లేదని నాకు తెలుసు. తెలిసీ నమ్మాను.

తెల్లారి నేరుగా నా తండాకు పోయాను. పేటియా తీసెయ్యి, దడి విప్పు, పిల్లలు తిరగాలె అన్నాను. ఆమె నీళ్ల బిందె దించి నా వైపు చూసింది.

"ఇంకో పది దినాలు ఆగు సారు. రెక్కలు ముదిరితే గద్ద జోలికి రాదు. అప్పుడు నేనే ఇడుస్త."

"ఆ తండల గద్దలు లేవా? వాళ్లు ఇడిచిపెట్టలేదా?"

"ఆడి గద్దకు ఏమయిందో నాకు తెల్వదు సారు. ఈడి గద్దకు ఆకలున్నది."

జవాబు దొరకని అధికారి ఏం చేస్తాడో అదే చేశాను. మూడు నెలలకు తనిఖీకి పెద్ద సారు వచ్చి ఈ లంగా చూస్తే నవ్వుతాడన్నాను. చెప్పినట్లు వినకపోతే షెడ్డు అవతలి తండాకే ఇయ్యమని నేనే రాస్తానన్నాను. షెడ్డు మాట వినగానే ఆమె మెత్తబడింది. స్టూలు వేసుకుని ఎక్కి, తాళ్లు విప్పి, అద్దాల పట్టీలు ఒక్కొక్కటే మడిచి లోపల పెట్టింది. నేను నిలబడి చూశాను. కింద నుంచి అందుకోవచ్చు, అది కూడా చేయలేదు.

మూడు రోజులు ఏమీ కాలేదు. నాలుగో రోజు గద్దలు వచ్చాయి. మా వైపు గద్దలకు కొదవ లేదు, రోడ్డు పక్క గుంటలో చికెన్ సెంటర్ల చెత్త పోస్తారు, వాటి మకాం అక్కడే. ఒకటి దిగి ఎత్తుకుపోయేసరికి మిగతావాటికి తోవ తెలిసింది. దడి లేదు కాబట్టి కుక్కలూ దూరాయి. పది రోజుల్లో పన్నెండిళ్ల కోడిపిల్లల్లో సగానికి పైగా పోయాయి. ఆమె పొద్దంతా కర్ర పట్టుకుని పెరట్లో పరుగెత్తేది. పేటియా మళ్లీ కడతానని రెండుసార్లు అడిగింది. ఇంకో రెండు రోజులు చూద్దామన్నాను. అప్పుడు కట్టనిస్తే నా మాట తప్పని ఒప్పుకున్నట్లవుతుంది కదా. మూడోసారి ఆమె నన్ను అడగలేదు, కట్టేసుకుంది. అప్పటికి మిగిలినవి మిగిలాయి. పన్నెండిళ్లవాళ్లు ఆమెతో మాట్లాడడం తగ్గించారని తర్వాత తెలిసింది.

మొదటి నెల రిపోర్టులు వచ్చాయి. సీనియరును కాబట్టి ఆయన రిపోర్టు కూడా నా సంతకంతోనే పైకి పోవాలి. ఆయన గుండ్రని చేతిరాత చూస్తేనే నాకు కళ్లల్లో కారం పడ్డట్టు ఉండేది. రెండు పేజీలు రాశాడు. నేను ఒక్క అక్షరం చదవకుండా కింద సంతకం చేసి పంపాను. నా రిపోర్టులో మాత్రం కోడిపిల్లల మరణాలకు కారణం అన్న చోట, అందరూ రాసే మాటే రాశాను: లబ్ధిదారుల అజాగ్రత్త.

మూడో నెల చివర, తనిఖీకి వారం ముందు ఆయన ఊరికి పోయాడు. ఆయన తండాలో కోళ్లకు నట్టల మందు ఇచ్చే పని నా మీద పడింది. మధ్యాహ్నం పూట గోడ పక్కన నిలబడి మందు కలుపుతుంటే అవతల నుంచి ఢామ్మని చప్పుడు. కాసేపటికి ఇంకోటి. ఏందమ్మా ఆ చప్పుడు అని అక్కడ కూర్చున్న ముసలామెను అడిగాను. ఇమానాలకు అడ్డం రావద్దని పిట్టలను ఎల్లగొడతరు సారు, పొద్దుందాక పటాకులు పేలుస్తనే ఉంటరు, మా దిక్కు గద్ద కనబడి శానా దినాలాయె అంది.

నేను మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఆ చప్పుళ్లు అయి ఉంటాయి. ప్లాట్ల కోసం రోజూ గుట్టలు పేల్చే ఊళ్లలో బతుకుతున్న మాకు, చప్పుడు అసలు చెవిన పడదు.

నిజం చెబుతాను. అప్పుడు నాకు ముందు కలిగింది సిగ్గు కాదు. సంతోషం. ఆయన గొప్పదనమంతా పటాకుల పుణ్యం. అందులో ఆయన చేసిందేమీ లేదు. నా తండాలో పోయిన పిల్లలు, ఆమె, షెడ్డు, ఇవన్నీ చాలాసేపటి తర్వాత గుర్తుకొచ్చాయి. తనిఖీ రోజు అందరి ముందు ఈ మాట ఎట్లా చెప్పాలో బండి మీద ఇంటికి వచ్చే దారంతా మనసులో వల్లె వేసుకున్నాను.

తనిఖీకి పెద్ద సారు ముందు నా తండాకే వచ్చాడు. ఆయన కూడా వెంట ఉన్నాడు. పన్నెండిళ్లవాళ్లు చుట్టూ చేరారు. పెద్ద సారు కోళ్లను లెక్క పెట్టించి మొహం చిట్లించాడు. ఇంత తక్కువేమిటమ్మా అని ఆమెను అడిగాడు. గద్ద ఎత్కపోయింది సారు అంది ఆమె. కాపలా లేరా అన్నాడు. ఆమె తలవంచుకుంది. చెట్టంత మనిషిని నేను పక్కనే ఉన్నాను.

నేను కాచుకున్న సమయం అదే అనుకున్నాను. ముందుకు వచ్చి, సార్, ఈ తండాను ఆ తండాతో పోల్చడం తప్పు, అక్కడ పిట్టలను తరిమే పటాకులు పేలుస్తారు, గద్దే రాదు, అందులో ఎవరి గొప్పతనమూ లేదు అన్నాను. చివరి మాట అంటున్నప్పుడు ఆయన వైపు చూశాను.

పెద్ద సారు నా మొహంలోకి వింతగా చూశాడు. సంచిలోంచి రెండు పేజీల రిపోర్టు తీశాడు. "ఇదే కదయ్యా ఇందులో ఉన్నది. కింద నీ సంతకం కూడా ఉంది" అన్నాడు.

అందరి ముందు చదివాడు. మా తండాలో గద్ద బెడద లేకపోవడానికి విమానాశ్రయంలో పక్షులను తరమడమే కారణం, కాబట్టి ఈ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకూడదు అని రాసి ఉంది. రెండో పేజీలో, అసలు గద్దలున్న చోట అద్దాల పేటియాతో పిల్లలను కాపాడుతున్న ఆమె గురించి రాసి ఉంది. షెడ్డు నడపగలిగింది ఆమేనని, దాన్ని ఆమెకే ఇవ్వాలని సిఫారసు. ఆ సిఫారసు కింద నా సంతకం. మూడు నెలలు నేను ఎవరితో పోటీ పడ్డానో అర్థమైంది. ఆ మనిషి పోటీలోనే లేడు.

పెద్ద సారు కాగితం మడిచి ఆమె వైపు తిరిగాడు. ఇంత మంచి ఉపాయం ఉంటే పిల్లలు ఎట్లా పోయాయమ్మా, ఆ పేటియా ఎప్పుడైనా తీశావా అని అడిగాడు. ఆమె తలెత్తి నన్ను చూసింది. నా పేరు చెప్పలేదు, చెప్పకుండా కూడా ఉండలేదు. ఊరికే చూస్తూ ఉంది. ఆ ఏడాది నా ప్రమోషను కాగితం పైన ఉంది. అది పెద్ద సారు బల్ల మీదనే ఉందని నాకు తెలుసు, నా పక్క కుర్చీ మనిషికీ తెలుసు.

అప్పుడు ఆయన మెల్లగా ముందుకు వచ్చాడు. "నేనే తీసేయమన్నానండీ. మొదట్లో ఇటు వచ్చినప్పుడు, పిల్లలు బయట తిరిగితే బలంగా ఉంటాయని చెప్పాను. పొరపాటు నాదే" అన్నాడు.

పిల్లలూ, ఇక్కడ నేను మీకు గొప్పగా చెప్పుకోవచ్చు. నా మనస్సాక్షి మేలుకుందని, అబద్ధం భరించలేకపోయానని రాసుకోవచ్చు. అట్లా ఏం కాలేదు. బర్రెలు ఆయనవి, భాష ఆయనది, మంచిపేరు ఆయనది. ఇప్పుడు నా తప్పు కూడా ఆయనే తీసుకుపోతుంటే నేను ఓర్చుకోలేకపోయాను. ఇంకో నిమిషం ఆగితే ఆయన నన్ను కాపాడినవాడవుతాడు. బతికినన్నాళ్లు ఆయన డబ్బాలో సగం తింటూ దానికి కృతజ్ఞతగా ఉండాలి. అది నా వల్ల కాదు.

"అబద్ధం సార్" అన్నాను. "తీయించింది నేను. ఆమె వద్దన్నా ఇనలే. షెడ్డు రాకుండ చేస్త అని బెదిరించిన. ఆయన మాట ఈడ నడ్వదు, ఈ తండా నాది."

పెద్ద సారు నా భుజం తట్టి, ఇన్నేళ్ల సర్వీసులో తప్పు ఒప్పుకున్నవాణ్ణి మొదటిసారి చూస్తున్నానన్నాడు. ఆయన మాత్రం వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు, కళ్లలో నీళ్లు. ఆ నీళ్లు కూడా నిజమైనవే. నాకు మెమో వచ్చింది, ప్రమోషను ఆగింది. అయినా దవాఖానలో అందరూ నన్ను కొత్తగా చూడడం మొదలుపెట్టారు. ఆయన కంటే నా గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు. అది ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

షెడ్డు మాత్రం ఆమెకు రాలేదు. తప్పు ఎవరిదని పై ఆఫీసులో ఎవరూ అడగరు. కాగితంలో బతికిన కోళ్లు ఎన్ని అన్న గడి ఒక్కటే ఉంది, అందులో అంకె ఏదో అదే చూస్తారు. షెడ్డు విమానాశ్రయం గోడ పక్క తండాకు పోయింది. హోటల్లో ఆమె జాగాలో తోటికోడలే కుదురుకుంది. వయసు తక్కువ కదా, కాంట్రాక్టరు ఆమెకే కొత్త యూనిఫాం ఇచ్చాడు. ఈమె ఏడాది పాటు ప్లాట్ల దగ్గర రాళ్లు ఏరే కూలికి పోయింది. మరుసటి ఏడు రెండో షెడ్డు మంజూరైనప్పుడు ఆమెకు వచ్చిన మాట నిజమే. అది తెప్పించింది నేను కాదు.

షెడ్డు పోయిందన్న కబురు చెప్పడానికి నేనే పోయాను. ఎవరో ఒకరు చెప్పాలి, పైగా అంతమంది ముందు తప్పు ఒప్పుకున్నవాణ్ణి కాబట్టి నన్ను చూసి ఒక మంచిమాట అంటుందని లోపల ఆశ ఉంది. నా డబ్బులతో పది కోడిపిల్లలను కొని డబ్బాలో పెట్టుకుని పోయాను. ఆమె వాటిని తీసుకుంది. ఒక్కొక్క దాన్ని ఎత్తి, కాళ్లు చూసి, కళ్లు చూసి, గంప కింద వదిలింది. కబురు అంతా విని, చేతులు కడుక్కుని వచ్చి గడప మీద కూర్చుంది.

"ఆ దినం నువ్వు చెప్పింది మంచిదే సారు" అంది. "గని నా కోసం చెప్పలే. ఆ సారు మీది కోపానికి చెప్పినవ్. నాకు తెల్సు."

కాదని అనడానికి నోరు తెరిచాను.

"ఇగ నువ్వు రాకు. ఆ సారును పంపు. ఆయనైతే మేం చెప్పింది ఇంటడు."

ఆ మాటను తండా నుంచి దవాఖాన దాకా మోసుకుపోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఎన్నోసార్లు చెప్పకుండా మింగేద్దామనుకున్నాను. నేను చెప్పలేదని ఆమెకు తెలిసే దారి లేదు, ఆయనకు అసలే లేదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన డబ్బా తెరవకముందే ఆయన బల్ల ముందు నిలబడి, గుట్ట కింది తండా ఇకనుంచి నువ్వు చూసుకో, వాళ్లు నిన్నే రమ్మంటున్నారు అని చెప్పాను. ఎందుకని ఆయన అడగలేదు. డైరీలో రాసుకుని, బండి తాళం తీసుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, మీరూ రండి, ఇద్దరం కలిసే వెళదాం అన్నాడు.

నాకు పని ఉందన్నాను. ఆ మధ్యాహ్నం నాకు ఏ పనీ లేదు.